గుర్రమా, కారా, బైకా: రేసులు కొత్తగా చూసేవారు దేనితో మొదలుపెట్టాలి?

అమెరికాలో జరిగే కెంటకీ డెర్బీ గుర్రపు పందెం రెండు నిమిషాల్లో ముగిసిపోతుంది. ఫ్రాన్స్‌లో జరిగే లె మాన్స్ కార్ల రేసు శనివారం సాయంత్రం 4 గంటలకు మొదలైతే ఆదివారం అదే సమయానికి గాని ఆగదు. డకార్ ర్యాలీకి సుమారు రెండు వారాలు పడుతుంది. మూడింటినీ రేసులనే అంటాం. కానీ ఒకదానికి ప్రాణం పెట్టేవారు మరొకదాని ముందు పావుగంట కూడా కూర్చోలేరు. అందుకే ఏ రేసు చూడమంటారని ఎవరైనా అడిగితే వెంటనే పేరు చెప్పడం కుదరదు. ముందు రెండు సంగతులు తెలియాలి. వారానికి ఎంత సమయం ఇవ్వగలరు? గెలుపు ఎక్కడ తేలితే మీకు సరదా: పందెం మొదలవక ముందు కాగితం మీదా, ఆఖరి మలుపులోనా, గడియారంలోనా?

వేగాన్ని బట్టి మాత్రం ఎంచుకోవద్దు. పందెపు గుర్రం గంటకు 60 నుంచి 70 కిలోమీటర్లు పరుగెడుతుంది. మోటోజీపీ బైకు 360 దాటింది. తెర మీద చూసేవారికి ఈ తేడా పెద్దగా తెలియదు, ఎందుకంటే కెమెరా కూడా వెంటే కదులుతుంది. కంటికి తెలిసేది ఇద్దరి మధ్య ఉన్న ఎడం, అది తరుగుతోందా పెరుగుతోందా అన్నదే.

గుర్రాలు: పరుగు కొంచెం, చదువు ఎక్కువ

గుర్రపు పందేన్ని చూసే ఆటగా భావించి వచ్చేవారు నిరాశపడతారు. అది ప్రధానంగా చదివే ఆట. పందెం మొత్తం రెండు మూడు నిమిషాలు. దానికి ముందు మాత్రం చదవాల్సింది బోలెడు ఉంటుంది. ఏ గుర్రం ఇంతకుముందు ఎంత దూరం పరుగెత్తింది, మెత్తటి నేల మీద బాగా పరుగెడుతుందా గట్టి నేల మీదా, వీపు మీద ఎంత బరువు, స్టార్టింగ్ గేటులో ఏ స్థానం, శిక్షకుడి గుర్రాలు ఈ మధ్య ఎలా ఉన్నాయి, ఇవన్నీ రేసు కార్డులో ఉంటాయి. అంకెల్లోంచి ఊహ అల్లుకుని, అది నిజమవుతుందో లేదో రెండు నిమిషాల్లో చూసుకోవడంలోనే ఈ ఆట రుచి. చదవడానికి ఓపిక లేకపోతే రంగురంగుల చొక్కాలు ఒక గుంపుగా వెళ్లిపోయినట్లు కనిపిస్తుంది, అంతే.

ఈ లోకంలోకి అడుగు పెట్టాక మళ్లీ ఒక ఎంపిక ఉంది. హ్యాండిక్యాప్ పందేలు ఒక రకం. వీటిలో అధికారులు ప్రతి గుర్రానికీ దాని సత్తాను బట్టి బరువు నిర్ణయిస్తారు. మంచి గుర్రానికి ఎక్కువ బరువు. జాకీ బరువు చాలకపోతే జీను కింద సీసం పలకలు చేరుస్తారు. అన్నీ ఒకేసారి గీత దాటాలన్నది దీని వెనక ఉన్న ఆశ. ఆస్ట్రేలియాలో 1861 నుంచి జరుగుతున్న, ఇప్పుడు 3200 మీటర్ల దూరం ఉన్న మెల్బోర్న్ కప్ ఇలాంటిదే. రెండో రకం క్లాసిక్ పందేలు. ఎప్సమ్ డెర్బీ 1780 నుంచి జరుగుతోంది. మూడేళ్ల వయసు గుర్రాలకే ప్రవేశం కాబట్టి ఏ గుర్రానికైనా జీవితంలో ఒక్కసారే అవకాశం. పొడుపుకథలు విప్పడం ఇష్టమైతే హ్యాండిక్యాప్‌లు చూడండి. గొప్ప గుర్రాన్ని గొప్పగా చూడాలనుకుంటే క్లాసిక్‌లు.

గొప్పగా అంటే ఎలా ఉంటుందో తెలియాలంటే 1973 బెల్మాంట్ స్టేక్స్ పాత రికార్డింగ్ ఒకసారి చూడండి. సెక్రటేరియట్ అనే గుర్రం 31 గుర్రాల నిడివి తేడాతో గెలిచింది. ఒకటిన్నర మైళ్లకు పట్టిన 2 నిమిషాల 24 సెకన్లను ఆ పందెంలో ఇప్పటికీ ఏ గుర్రమూ అధిగమించలేదు. వ్యాఖ్యాత గొంతు కంటే కెమెరా తీరు చూడండి. మిగిలిన గుర్రాలను చట్రంలో ఇరికించడానికి అది వెనక్కి వెనక్కి జరగాల్సి వచ్చింది. అదే ఏడాది కెంటకీ డెర్బీలో ఈ గుర్రం ప్రతి పావు మైలునూ అంతకు ముందరి పావు మైలు కంటే వేగంగా పరుగెత్తింది. సాధారణంగా గుర్రాలు చివరికి అలసి నెమ్మదిస్తాయి. ఇది చివరికొచ్చేకొద్దీ జోరందుకుంది.

అయితే క్లాసిక్‌లలో ఒక లోటు ఉంది. సెక్రటేరియట్ పందేల జీవితం మొత్తం 21 పరుగులు, అదీ 1972, 1973 రెండేళ్లలోనే. చదును నేల మీద గెలిచిన మగ గుర్రాలను త్వరగా సంతానోత్పత్తికి పంపేస్తారు, ఆదాయం అక్కడే ఎక్కువ కాబట్టి. మీరు ఒక పేరుకు అలవాటు పడేలోపు అది వెళ్లిపోతుంది. ఏళ్ల తరబడి ఒకే గుర్రాన్ని వెన్నంటి ఉండాలనుకుంటే కంచెలు దూకే పందేలే నయం. వాటిలో పాల్గొనేవి ఎక్కువగా వంధ్యీకరించిన గుర్రాలు కాబట్టి చాలాకాలం బరిలో ఉంటాయి. రెడ్ రమ్‌నే చూడండి. ఇంగ్లండ్‌లోని ఎయిన్‌ట్రీలో జరిగే గ్రాండ్ నేషనల్‌ను 1973లో, 1974లో గెలిచింది, తర్వాతి రెండేళ్లు రెండో స్థానంలో వచ్చింది, 1977లో మళ్లీ గెలిచింది. సుమారు 7 కిలోమీటర్లు, 30 కంచెలు. ఏటా అదే గుర్రం కోసం ఎదురుచూసే సుఖం చదును పందేల్లో దొరకదు.

గుర్రాన్ని బండికి కట్టి నడిపించే హార్నెస్ పందేలు కూడా ఉన్నాయి. పరుగు లంకించుకోకుండా నిర్ణీత నడకలోనే వేగంగా సాగాలన్నది నియమం. నిపుణులకు మహా ఇష్టం. మొదటి ఎంపికగా మాత్రం నేను సూచించను.

రెండు ఇబ్బందులు ముందే చెప్పాలి. ఒకటి, గుర్రం తన ఇష్టంతో బరిలోకి దిగలేదు. కాలు విరిగితే చాలాసార్లు ప్రాణమే పోతుంది. గ్రాండ్ నేషనల్‌లో కంచెల లోపలి గట్టి చట్రాన్ని మార్చారు, 2024 నుంచి గుర్రాల సంఖ్యను 40 నుంచి 34కు తగ్గించారు, అయినా ప్రమాదం పోలేదు. ఇది మనసుకు పట్టేవారు చదును పందేలకు పరిమితం కావచ్చు, లేదా మోటారు వైపు వెళ్లిపోవచ్చు. రెండు, జూదం. మీకు నచ్చింది పందెమా, జూదమా అన్నది తెలుసుకోవడానికి తేలికైన మార్గముంది. ఒక రోజంతా పైసా పెట్టకుండా కార్డు చదివి, ఊహలు రాసుకుని, పందేలు చూడండి. సాయంత్రానికి విసుగొస్తే ఈ ఆట మీది కాదు.

రెండు లోకాలు కలిసే చోటు

గుర్రాల అభిమానులు మోటారు రేసులను మొరటు చప్పుడని, కార్ల అభిమానులు గుర్రపు పందేలను పాతకాలపు వ్యవహారమని అనుకుంటుంటారు. నిజానికి ఈ రెండింటి మధ్య గోడ పలచనిది. గ్రాండ్ నేషనల్ జరిగే ఎయిన్‌ట్రీ చుట్టూనే 1954లో కార్ల ట్రాక్ కట్టారు. 1955 నుంచి 1962 లోపు ఐదుసార్లు బ్రిటిష్ గ్రాండ్ ప్రి అక్కడే జరిగింది. గుర్రాల కోసం కట్టిన స్టాండ్లలోనే కూర్చుని జనం కార్లను చూశారు. 1959లో మొదటి డేటోనా 500లో కార్లు పక్కపక్కన గీత దాటితే, ఫోటోలూ వార్తాచిత్రాలూ పరిశీలించి లీ పెట్టీని విజేతగా ఖరారు చేయడానికి దాదాపు మూడు రోజులు పట్టింది. గుర్రాల మైదానాల్లో అప్పటికే ఫోటో ఫినిష్ కెమెరాలు మామూలు సంగతి.

అన్నిటికంటే ముఖ్యంగా, బలవంతుడికి బరువు పెట్టే ఆలోచన రెండు చోట్లా ఉంది. లె మాన్స్ లాంటి, గంటల తరబడి సాగే ఓర్పు రేసుల్లో వేర్వేరు కంపెనీల కార్లను దగ్గరకు తేవడానికి బరువును, ఇంజిన్ శక్తిని నియంత్రించి సర్దుబాటు చేస్తారు. ఫార్ములా వన్ ఇలాంటి వాటికి దూరమని చాలామంది అనుకుంటారు. అక్కడ కూడా 2021 నుంచి పట్టికలో పైనున్న జట్టుకు గాలి సొరంగంలో పరీక్షలకు తక్కువ సమయం, కిందనున్న జట్టుకు ఎక్కువ సమయం ఇస్తున్నారు. బరువు కారు మీద కాకుండా కార్ఖానా మీద పెట్టారన్నమాట. అందరినీ సమానం చేసిన పోటీ మీకు నచ్చుతుందా, మేటి వాడు మేటిగానే గెలవడం నచ్చుతుందా అన్నది ఇక్కడే తేల్చుకోండి. సగం ఎంపిక అక్కడే అయిపోతుంది.

ఫార్ములా వన్ లేక మోటోజీపీ?

కొత్తవారిలో ఎక్కువమంది తేల్చుకోలేనిది ఈ రెంటి మధ్యే. ప్రచారం వల్ల చాలామంది ఫార్ములా వన్ వైపు వెళతారు. నా సలహా ముందు బైకులు చూడమని.

ఫార్ములా వన్‌లో ప్రతి జట్టూ తన కారును తానే తయారు చేసుకుంటుంది. అందువల్ల మంచి కారు ఉన్న జట్టు ఏడాది మొత్తం మింగేయవచ్చు. 2023లో 22 రేసులకు 21 రెడ్ బుల్ గెలిచింది. మరుసటి ఏడాదే ఏడుగురు వేర్వేరు డ్రైవర్లు గెలిచారు. ఏ సంవత్సరంలో మొదలుపెడతారన్న దాన్ని బట్టి మీ అభిప్రాయం తారుమారవుతుంది. రేసు దూరం 305 కిలోమీటర్ల పైచిలుకు, మొనాకోలో మాత్రం 260. ఎవరు ఏ స్థానం నుంచి బయలుదేరాలో నిర్ణయించే శనివారం క్వాలిఫయింగ్‌లోనే చాలా వరకు తేలిపోయే ట్రాక్‌లు ఉన్నాయి. 2024 మొనాకోలో మొదటి పది మందీ గ్రిడ్‌లో, అంటే బయలుదేరే చోట, ఏ వరుసలో నిలబడ్డారో అదే వరుసలో రేసు ముగించారు. రెండు గంటలు కూర్చున్నవారి అవస్థ ఊహించుకోవచ్చు. మొనాకోకు సంబంధించినంత వరకు శనివారం చూసి ఆదివారం వేరే పని చూసుకోవడమే మేలు.

మరి ఇందులో ఏముంది? ఉన్నదంతా ఎత్తుల్లో ఉంది. పొడి వాతావరణంలో కనీసం రెండు రకాల టైర్లు వాడి తీరాలి కాబట్టి ట్రాక్ పక్కన టైర్లు మార్చే చోటైన పిట్‌లోకి ఎప్పుడు వెళ్లాలన్నదే అసలు పోరు. ముందున్న కారును ట్రాక్ మీద దాటలేని డ్రైవర్ ఒక ల్యాప్ ముందే టైర్లు మార్చుకుని, కొత్త టైర్ల పట్టుతో వేగంగా తిరిగి, అవతలివాడు పిట్ నుంచి బయటికొచ్చే సరికి ముందు ఉంటాడు. టైర్లు మార్చే పని రెండు మూడు సెకన్లలో అయిపోతుంది. మెక్‌లారెన్ సిబ్బంది 2023లో ఖతార్‌లో 1.80 సెకన్లలో ముగించారు. ఈ లెక్కలు మనసులో వేసుకుంటూ చూడగలిగినవారికి, మైదానం బయటి రాజకీయాలు, ఇంజనీరింగ్ తగాదాలు కూడా ఆసక్తిగా చదివేవారికి ఇంతకు మించిన సీరియల్ లేదు. గుర్రాల కార్డు చదవడం ఇష్టమైనవారికి ఇదే చప్పున నచ్చుతుందని నా అనుమానం.

మోటోజీపీకి అంత పాఠం అక్కర్లేదు. రేసు ముప్పావుగంట లోపే అయిపోతుంది. సాధారణంగా మధ్యలో పిట్ స్టాప్ లేదు. వాన మొదలైతే మాత్రం బైకు మార్చుకోవచ్చు. 2023 నుంచి శనివారం సగం దూరపు స్ప్రింట్ కూడా ఉంది. పైగా రైడరు కష్టం కంటికి కనిపిస్తుంది. ఫార్ములా వన్ డ్రైవరు కారు గుల్లలో మెడ దాకా మునిగి ఉంటాడు, ఆయన ఏం చేస్తున్నాడో చేతుల కదలికను బట్టి ఊహించాలి. బైకు మీద మనిషి 60 డిగ్రీలకు పైగా వంగి, మోచేయి నేలకు రాసుకుంటూ మలుపు తిరుగుతాడు. బైకు కనీస బరువు 157 కిలోలు. అంటే మనిషి బరువు ఎటు వంగితే బండి నడక అటు మారుతుంది. మిగతా మోటారు రేసుల కంటే జాకీకి దగ్గరి బంధువు మోటోజీపీ రైడరే. ఒకరినొకరు దాటుకోవడం కూడా ఎక్కువ, ఎందుకంటే బైకు సన్నం, పక్కన చోటు దొరుకుతుంది. అదే రోజు చిన్న తరగతుల బైకులకు మోటో3, మోటో2 రేసులు కూడా ఉంటాయి. సమయముంటే మోటో3 వదలకండి. పదిహేను మంది ఒక్క గుంపుగా చివరి ల్యాప్‌కు వచ్చే దృశ్యాలు ఎక్కువగా అక్కడే కనిపిస్తాయి.

పడిపోవడాలు చూడలేనివారికి ఇది కష్టం. గాలితో ఉబ్బే రక్షణ సూట్లు 2018 నుంచి తప్పనిసరి చేశారు, చాలామంది లేచి నడిచి వెళతారు, కానీ అందరూ కాదు. ఐల్ ఆఫ్ మాన్ దీవిలో జరిగే టీటీ అనే బైకుల రేసును దీనితో కలపవద్దు. అది ఇళ్ల మధ్య నుంచి, రాతి గోడల పక్క నుంచి మామూలు రోడ్ల మీద 60 కిలోమీటర్ల చుట్టు. ఆ కొండ దారి మీద 1911 నుంచి 250 మందికి పైగా రైడర్లు మరణించారు. ఏం చూస్తున్నామో తెలిసి చూడాల్సిన రేసు అది.

గడియారంతో పోటీ

ర్యాలీలో కార్లు పక్కపక్కన పరుగెత్తవు. ఒకదాని తర్వాత ఒకటి బయలుదేరతాయి, తక్కువ సమయం తీసుకున్నవారిదే గెలుపు. కాబట్టి ఒక కారు మరొక కారును దాటడం కోసం ఎదురుచూసేవారికి ఇది ఉప్పులేని కూర. కానీ మంచు, కంకర, తారు, వాన, పొగమంచు అన్నింటి మీదా ఒకే డ్రైవరు ఒకే కారు నడపడాన్ని ఇష్టపడేవారికి ఇంకేదీ రుచించదు. పక్కన కూర్చున్న కో-డ్రైవర్ రాబోయే మలుపును చూడకుండానే, ముందే రాసుకున్న నోట్సులోంచి చదివి చెబుతుంటాడు. డ్రైవర్ కళ్లను కాక ఆ గొంతును నమ్మి గుడ్డి మలుపులోకి దూసుకుపోతాడు. కారు లోపలి కెమెరాలో ఆ గొంతు వింటూ చూడటమే ర్యాలీ చూడవలసిన తీరు. మూడు నాలుగు రోజులు, వందల కిలోమీటర్లు సాగిన పోటీ కూడా వెంట్రుకవాసిలో తేలుతుంది. 2011 జోర్డాన్ ర్యాలీని సెబాస్టియన్ ఓజియే 0.2 సెకన్ల తేడాతో గెలిచాడు. రోజుకు కొన్ని నిమిషాలే ఇవ్వగలిగినవారికి ర్యాలీ బాగా సరిపోతుంది, ఎందుకంటే ఒక్కో స్టేజీ, అంటే దారిలో సమయం లెక్కించే ఒక్కో ముక్క, దేనికదే ముగుస్తుంది.

డకార్ దీనికి పెద్దన్న. 1978 డిసెంబరులో పారిస్ నుంచి మొదటిసారి బయలుదేరింది. ఆఫ్రికా, తర్వాత దక్షిణ అమెరికా తిరిగి 2020 నుంచి సౌదీ అరేబియా ఎడారుల్లో జరుగుతోంది. అక్కడ వేగం కంటే దారి తప్పకపోవడమే గొప్ప. సంవత్సరానికి ఒకసారి, జనవరిలో, రోజూ సారాంశం చూస్తే చాలు.

లె మాన్స్, ఓవల్ ట్రాక్‌లు

24 గంటల రేసును 24 గంటలు చూడాలనే నియమం లేదు. మొదటి గంట, అర్ధరాత్రి ఒక గంట, తెల్లవారే వేళ, చివరి రెండు గంటలు. ఇలా చూస్తే కథ మొత్తం అందుతుంది. ఒక కారుకు ముగ్గురు డ్రైవర్లు, 13.6 కిలోమీటర్ల చుట్టు, ఒకేసారి మూడు తరగతుల కార్లు. వేగమైనవి నెమ్మదివాటిని రాత్రంతా దాటుకుంటూ పోవాలి. మొదటిసారి చూసేవారు మూడింటినీ పట్టించుకోకుండా ఒక్క తరగతిని, అందులో ఒక్క కారును ఎంచుకుంటే తల తిరగదు. ముందుకు వెళ్లడం కంటే ఆగిపోకుండా ఉండటమే ఇక్కడి పరీక్ష. 2016లో గెలుపు ఖాయమనుకున్న టయోటా, అయిదు నిమిషాలు కూడా మిగలని వేళ శక్తి కోల్పోయి ప్రేక్షకుల ఎదుటే నిలిచిపోయింది. రెండో స్థానంలో ఉన్న పోర్షే దాన్ని దాటి గెలిచింది. 1969లో రేసు మొదలవగానే డ్రైవర్లంతా పరుగున కార్లలోకి దూకితే, బెల్టు కట్టుకునే వ్యవధి ఉండదన్న నిరసనతో జాకీ ఇక్స్ అనే డ్రైవరు తాపీగా నడిచి వెళ్లి, చివర బయలుదేరి, మర్నాడు సుమారు 120 మీటర్ల తేడాతో గెలిచాడు.

ఎడమ వైపు తిరగడం తప్ప ఏమీ లేదని ఓవల్ (కోడిగుడ్డు ఆకారపు) ట్రాక్ రేసులను వెక్కిరించేవారు అమెరికాలోని ఇండియానాపొలిస్ 500 ఒక్కటి పూర్తిగా చూడాలి. 33 కార్లు, 200 ల్యాప్‌లు, సుమారు 800 కిలోమీటర్లు. 1992లో అంత దూరం తర్వాత మొదటి రెండు కార్ల మధ్య ఉన్న తేడా 0.043 సెకన్లు. ముందు కారు చీల్చిన గాలిలో ఒదిగి వెళ్లి చివరి క్షణంలో బయటికి రావడమే ఇక్కడి విద్య. చిన్న ఓవల్‌లలోనైతే ట్రాక్ మొత్తం కూర్చున్న చోటి నుంచే కనిపించడం ఇంకో సౌలభ్యం. అమెరికాలోని మరో కార్ల పోటీ నాస్కార్ ఇదే కుటుంబానిది కానీ సీజన్ చాలా పొడవు. ఏడాది మొత్తం అంకితం చేయగలిగితేనే అటు వెళ్లండి.

ఇక తేల్చుకోవడం

వారానికి గంట లోపు సమయమైతే మోటోజీపీ. చదవడం, లెక్కలు వేయడం ఇష్టమై, పందెంలో డబ్బు పెట్టకుండా ఉండగలిగితే గుర్రాలు. వారాంతం మొత్తం ఖాళీ ఉండి, జట్ల కథలు కూడా కావాలనుకుంటే ఫార్ములా వన్. ముక్కలు ముక్కలుగా చూసేవారికి ర్యాలీ. ఏడాదిలో ఒక్క రేసే చూస్తానంటే మాత్రం సందేహం లేకుండా లె మాన్స్.

వెళ్లి స్వయంగా చూడాలనుకుంటే ఈ వరుస మారుతుంది. గుర్రాల మైదానంలో పరుగుకు ముందు గుర్రాలను తిప్పే చోట నిలబడి, ఏది చెమట పట్టి బెదురుతోందో, ఏది చెవులు నిక్కించి ఉషారుగా ఉందో దగ్గరగా చూడవచ్చు. తెర మీద ఆ భాగాన్ని కొద్దిసేపే చూపిస్తారు. ఫార్ములా వన్‌లో మీకు దక్కేది ఒక మలుపు, మిగతాది పెద్ద తెరల మీదే. ర్యాలీకి వెళితే గంటలు నడిచి, నిలబడి, ఒక్కో కారును కొన్ని సెకన్లు చూస్తారు.

ప్రత్యక్ష ప్రసారం కుదరక రికార్డింగులు చూసేవారు మరొకటి గమనించాలి. ఫలితం ముందే తెలిస్తే మోటోజీపీ సగం చచ్చిపోతుంది. అందుకని ఫోనును పక్కన పెట్టాల్సిందే. గుర్రపు పందేనికి ఆ బాధ లేదు. గెలిచిన గుర్రం ఏదో తెలిశాక, ఆఖరి రెండు ఫర్లాంగుల్లో అది గుంపులోంచి ఎలా బయటపడిందో చూడటానికే చాలామంది మళ్లీ మళ్లీ తిప్పి చూస్తారు.